మేకులు లేని సిలువ

తిబిలిసి,
మార్చి 6, 1999.

మక్వాలా అత్తకు,

నువ్వు పంపిన జున్ను, ద్రాక్షపాకం పట్టిన అక్రోటు దండలు అందాయి. అమిరాన్ ఆ దండలను దారంతా ఒళ్ళో పెట్టుకునే బస్సు నడిపాడట. వెనక సీట్లో ఎవరో మేకపిల్లను ఎక్కించారని, అది నీ వంట రుచి కనిపెట్టేసిందని చెప్పాడు. చెప్పేటప్పుడు నవ్వలేదు. భార్య లమారా పోయినప్పటినుంచి అతను నవ్వగా నేను చూడలేదు. ఎదుటివాళ్ళను మాత్రం నవ్విస్తాడు. పోస్టు సరిగా నడవని ఈ రోజుల్లో మన ఊరి ఉత్తరాలన్నీ అతని బస్సు అద్దం దగ్గర కూర్చుని ప్రయాణం చేస్తున్నాయి. అతను లేకపోతే మనిద్దరం ఏమైపోయేవాళ్ళమో.

మఠం పనిగదిలో నాకు చెయ్యి కొంచెం తిరిగింది. వెండి రేకు మీద సన్నటి తీగను నిలబెట్టి గళ్ళు కడతాను. నూరిన రంగుగాజును తడిపి, కుంచెతో ఆ గళ్ళలో నింపుతాను. ఆ గాజు కరిగి మీనా పూత కావాలంటే కరెంటు కొలిమిలో పెట్టాలి. కరెంటు ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. నిన్న మధ్యాహ్నం ప్రార్థన నడుస్తుండగా దీపాలు వెలిగాయి. మఠం పెద్ద సిదోనియా అమ్మగారు అందరికంటే ముందు లేచారు. "దేవుడు ఎప్పుడూ ఉంటాడు, కరెంటు ఉండదు, పదండి" అన్నారు.

మొన్న నగల దుకాణం ఆయన వచ్చి మేం చేసే ద్రాక్షకొమ్మ సిలువల గురించి గొడవ పెట్టుకున్నాడు. "చేతులు కిందికి వాలిపోయి ఉన్నాయి. పై దేశాలవాళ్ళు వంకరగా ఉందని వద్దంటున్నారు. తిన్నగా చెయ్యండి" అన్నాడు. "వంకరగా చూసేవాళ్ళను తిన్నగా చెయ్యడం మా వల్ల కాదు నాయనా" అని అమ్మగారు అతన్ని పంపేశారు.

అతను వెళ్ళాక నాకే సందేహం పట్టుకుంది. పవిత్ర నినో ద్రాక్షకొమ్మలు రెండు తీసుకుని తన జుట్టుతో కట్టి, ఆ సిలువ పట్టుకుని క్రీస్తు మాట మన దేశానికి తెచ్చిందని చిన్నప్పుడు నువ్వే చెప్పావు. దాని చేతులు ఎందుకు వాలాయో చెప్పలేదు. పుస్తకాలు తిరగేశాను. ఒకరు వినయమంటారు, ఒకరు ఆశీర్వాదమంటారు. నువ్వేమంటావు?

నీ
ఎలిసో

*

ఊరినుంచి,
మార్చి 19.

బంగారు తల్లీ ఎలిసో,

పుస్తకాలవాళ్ళని అడిగావు, సరే. ఇప్పుడు నన్ను అడిగావు కాబట్టి చెబుతున్నాను. పచ్చి కొమ్మ ఎండితే సన్నబడుతుంది. సన్నబడితే కట్టు వదులవుతుంది. కట్టు వదులైతే చేతులు జారతాయి. అంతే. పాపం ఆ పిల్ల ఎంత గట్టిగా కట్టిందో, ఎన్ని కొండలు ఎక్కిందో! కొమ్మ జారుతున్నా విప్పి పారెయ్యలేదు, అదీ గొప్ప. ఇందులో వినయమూ ఆశీర్వాదమూ ఉన్నాయేమో నాకు తెలియదు. ఉంటే ఉండనీ, కాదనను.

ఇక్కడ ద్రాక్షతోటలో కత్తిరింపులు నడుస్తున్నాయి. కోసిన చోటల్లా తీగ నీళ్ళు కారుస్తోంది. నా నడుం కూడా కన్నీళ్ళు కారుస్తోంది, అది కనపడదు కాబట్టి ఎవరూ జాలిపడరు. అమిరాన్ బస్సెక్కి పోతే పక్కింట్లో వాళ్ళమ్మ జుజునా మనవరాలు తేక్లాని వీపుకి కట్టుకునే తోటలోకి వస్తోంది. తల్లిలేని పిల్ల, ఎవరి చేతుల్లో పెట్టినా ఉంటుంది. తేక్లాకి నా ముక్కు అంటే మహా ఇష్టం. పట్టుకుంటే వదలదు.

అన్నట్టు, నువ్వు చేస్తున్న సిలువలన్నీ ఎవరెవరికో పోతున్నాయి. మన వాకిట్లో మీ నాన్న నాటిన తీగ ఉందే, దానివి రెండు పుల్లలు ఈ ఉత్తరంతో పెడుతున్నాను. ఒక చిన్నపిల్ల మెడకి సరిపడా సిలువ చేసి పంపు. ఎవరికని అడగకు. మంచిపని జరగకముందు నోరు జారితే దిష్టి తగులుతుంది.

నీ ఉత్తరాల్లో అమ్మగార్లు, గంటలు, ప్రార్థనలే ఎక్కువగా ఉంటున్నాయి. అన్నం తింటున్నావా?

నిన్ను ఎత్తుకు పెంచిన
అత్త

*

తిబిలిసి,
ఏప్రిల్ 27.

అత్తా, క్రీస్తు లేచాడు!

ఈస్టరు పండుగ రోజుల్లో కరెంటు ఉంది కాబట్టి నీ సిలువ పూర్తయింది. అమిరాన్ చేతికిచ్చి పంపుతున్నాను.

పుల్లలకు ఉప్పుకాగితం రాయలేదు, నాన్న తీగ బెరడు అలాగే ఉంచాను. చివర్లకు వెండి తొడుగులు వేశాను. నడుమ గోరంత ద్రాక్షాకు, ఆకుపచ్చ మీనా. ఆకుపచ్చ అంత తేలిక కాదు. వేడి కొంచెం ఎక్కువైతే మసిబారిపోతుంది. మొదటి ఆకు పాడైంది, ఇది రెండోది. కట్టడానికి నా వెంట్రుకలే వాడాను. నన్ను నేను పవిత్ర నినోతో పోల్చుకుంటున్నానని నవ్వకు. పనిగదిలో దారం అయిపోయింది.

కడుతుంటే నాకొకటి తోచింది. మిగిలిన సిలువలన్నీ మేకులు కొట్టినవి. గుడి మీద ఉన్నవీ, సమాధుల మీద ఉన్నవీ, అన్నీ వడ్రంగులు చేసినవే. ఇది ఒక్కటే మేకు లేని సిలువ. ఒక అమ్మాయి ఒంటిమీద ఉన్నదానితో కట్టినది. కొట్టి బిగించినదైతే చేతులు వాలవు. కట్టినది కాబట్టే జారుతుంది, మళ్ళీ బిగించుకోవలసి వస్తుంది. ప్రభువు తనను తాను ద్రాక్షతీగతో పోల్చుకున్నది కూడా ఇందుకేనేమో. తీగకు పందిరి కావాలి, కట్టు కావాలి, ఏటేటా ఒకరి చెయ్యి కావాలి.

సిదోనియా అమ్మగారికి ఈ మాట చెబితే, "బాగుంది. ఇప్పుడు మాటలు ఆపి ఆ వెండి తోము" అన్నారు.

అమిరాన్ మెట్ల మీద కూర్చుని సిలువను చాలాసేపు చూశాడు. "చేతులెందుకు ఇలా వాలిపోయాయి?" అన్నాడు. నువ్వు చెప్పింది చెప్పాను. విని, "అలిసిపోయి ఉంటాయి. పిల్లను రోజంతా ఎత్తుకుంటే సాయంత్రానికి నా చేతులూ ఇంతే" అన్నాడు. పుస్తకాల్లో ఈ మాట లేదు. అది నన్ను వదిలిపెట్టడం లేదు.

బస్సు ఆగేది మఠం గేటు ఎదురుగానే. అతను బండి చల్లబడేదాకా మా మెట్ల మీద కూర్చుంటాడు. నేను అప్పుడే గాజుపొడి ఆరబెట్టడానికి బయటికి వస్తుంటాను.

నాకు ఇక్కడ మనసు కుదుటపడింది అత్తా. ఇంకా కొన్నేళ్ళు ఇక్కడే ఉండిపోవాలని ఉంది.

నీ ముక్కు జాగ్రత్త.

ఎలిసో

*

ఊరినుంచి,
మే 14.

నిజంగానే లేచాడు, తల్లీ!

సిలువ చూసి నోట మాట రాలేదు. నాకు మాట రాకపోవడం అంటే ఏమిటో నీకు తెలుసు.

ఇప్పుడు చెప్పొచ్చు. అది తేక్లాకి. మరియమ్మ పండుగనాడు ఆగస్టులో గురువుగారు మన గుడికి వచ్చి పిల్లకి జ్ఞానస్నానం ఇస్తారు. ఆ రోజు పిల్లకి పూచీగా నిలబడే జ్ఞానతల్లివి నువ్వు! నేనే జుజునాతో అన్నాను, మా ఎలిసో ఎత్తుకుంటుంది మీ పిల్లని అని. నీ సిలువ తీసుకెళ్ళి చేతిలో పెడితే జుజునా ముద్దుపెట్టుకుని, ఏడ్చి, మేరీమాత పటం కింద మేకుకి తగిలించింది. ఇక తిరుగులేదు. జ్ఞానతల్లి ఇచ్చిన సిలువ పుచ్చుకుంటే మాట పుచ్చుకున్నట్టే. ఇవాళ్టినుంచి రెండిళ్ళూ ఒకే రక్తం. తగవులుండవు, పెళ్ళి సంబంధాలుండవు, ఏడు తరాల దాకా అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళే.

ఎందుకు చేశానో కూడా చెబుతాను. నువ్వు ఏ దారిన పోతున్నావో నీ ఉత్తరాలు చదువుతుంటే నాకు తెలుస్తూనే ఉంది. అడ్డుపడను. కానీ ఈ ఊళ్ళో నీ పేరు చెప్పి పెరిగే బిడ్డ ఒకటి ఉంటే ఏడాదికి ఒకసారైనా వస్తావు కదా. ముసలిదాని స్వార్థం అనుకో.

అమిరాన్‌కి చెప్పినప్పుడు టైరు చూడాలని బయటికి పోయాడు. మగవాళ్ళకి సంతోషం వస్తే ఇనుప సామాను గుర్తొస్తుంది.

గౌను మంచిది వేసుకురా. ఆ బూడిదరంగుది వద్దు.

అత్త

*

తిబిలిసి,
జూన్ 3.

అత్తా,

నేను జ్ఞానతల్లిగా నిలబడలేను.

సిలువ తేక్లాదే. వేరెవరైనా దాన్ని ఆ పిల్ల మెడలో వెయ్యనీ. నేను పంపానన్న మాట మర్చిపొమ్మని జుజునమ్మకు చెప్పు.

కారణం అడగకు. సిదోనియా అమ్మగారితో మాట్లాడాను. నేను నిలబడకూడదనే ఆవిడా అన్నారు.

నువ్వు ప్రేమతోనే చేశావని తెలుసు. అందుకే ఈ ఉత్తరం రాయడానికి ఇన్ని రోజులు పట్టింది.

ఎలిసో

*

ఊరినుంచి,
జూన్ 16.

ఎలిసో,

అయితే నిజమేనన్నమాట.

సన్యాసినులు జ్ఞానతల్లులు కాకూడదన్న సంగతి నాకు తెలియదనుకున్నావా? మీ అమ్మగారు వద్దన్నారంటే ఇంకేం చెప్పాలి! ముసుగు కుట్టించడం కూడా అయిపోయిందా? నీ జుట్టు కత్తిరిస్తారు కదా, ఎప్పుడు? పదేళ్ళు నూనె రాసి జడ వేసింది నేను. కత్తెర పెట్టేముందు నాకో మాట చెబితే మీ మఠం గోడలు కూలవు.

నిన్ను దేవుడికి ఇవ్వనని అనడం లేదు. అడిగి తీసుకోవచ్చు కదా అంటున్నాను. నా అన్న పోతూ నిన్ను నా చేతుల్లో పెట్టాడు, దేవుడి చేతుల్లో కాదు. అప్పుడు ఆయన ఎక్కడున్నాడో!

కోపంలో ఏదేదో రాశాను, కొట్టెయ్యను. చదువుకో.

ఒక్కటి మాత్రం విను. జ్ఞానతల్లిగా ఒప్పుకుని వెనక్కి తగ్గడం ఈ ఊళ్ళో ఎవరూ చెయ్యలేదు. అది పసిపిల్లని శపించడమే. అందులోనూ తల్లిలేని పిల్లని. నువ్వింకా ముసుగు వేసుకోలేదు కదా. వేసుకునేముందు ఒక్కరోజు వచ్చి ఆ పిల్లని ఎత్తుకుని నిలబడు. తర్వాత నీ ఇష్టం. నేను మళ్ళీ ఏమీ అడగను.

మక్వాలా

*

తిబిలిసి,
జూలై 2.

అత్తా,

నేను సన్యాసినిని కావడం లేదు. అలా ఎప్పుడూ అనుకోలేదు. నువ్వు అలా అనుకుంటున్నావని నాకు తెలియదు. నన్ను ఈ మఠంలో చేర్పించినప్పుడు నువ్వు గుడిలో కొవ్వొత్తి వెలిగించావని విని, నీ కోరికే అదేమో అనుకున్నాను. అది కాదని చెబితే బాధపడతావని ఊరుకున్నాను. మనిద్దరం ఒకరికొకరం భయపడుతూ ఇంతకాలం ఉత్తరాలు రాసుకున్నాం.

సిదోనియా అమ్మగారిని నేను అడిగిన ప్రశ్న వేరు. పనిగదిలో గాజు నూరుతూ అడిగాను. నూరేటప్పుడు ఎదుటిమనిషి ముఖం చూడనక్కర్లేదు. "ఒకరి బిడ్డకు జ్ఞానతల్లిగా ఉండి, తర్వాత ఆ బిడ్డ తండ్రిని పెళ్ళి చేసుకోవచ్చా అమ్మగారూ?" అన్నాను.

"చేసుకోకూడదు. ఎప్పటికీ" అన్నారు. చేతిలో పని పక్కన పెట్టి, "ఎలిసో, నువ్వు సన్యాసం తీసుకుంటావని ఇక్కడ కొందరు అనుకుంటున్నారు. నేను అనుకోలేదు. గుడిగంట మోగితే నీ కుంచె ఆగదు. గేటు బయట బస్సు హారన్ మోగితే ఆగుతుంది" అన్నారు. నేను తల ఎత్తలేదు. "అయితే ఆ పిల్లను నువ్వు ఎత్తుకోవద్దు. ఇంకేమీ అడగను, ఆ నూరేది మెత్తగా నూరు" అన్నారు.

ఇప్పుడు నీకు తెలిసింది.

అతను నాతో ఏమీ అనలేదు. నేనూ అనలేదు. లమారా పోయి ఏడాది నిండలేదు. ఇది అనుకోవలసిన కాలం కూడా కాదు. బడిలో ఆవిడ నాకు పై తరగతి. ఒకసారి నా చెప్పు తెగితే తన రిబ్బను విప్పి కట్టింది. ఆవిడ ఇంటిని గురించి నేను ఇలా ఆలోచించడమే తప్పేమో.

రేపు అతను ఇంకెవరినైనా చేసుకోవచ్చు. ఎవరినీ చేసుకోకపోవచ్చు. అదంతా నా చేతుల్లో లేదు. కానీ ఆ పిల్లను ఎత్తుకుని గురువుగారి ముందు నిలబడితే తలుపు నా చేత్తో నేనే మూసినట్టు. నేను నా వెంట్రుకలతో కట్టిన సిలువతోనే. అది మాత్రం చెయ్యలేను అత్తా.

ఈ కవరు గమ్ముతో రెండుసార్లు అంటించాను. తెచ్చేది అతనే కదా.

నీ
ఎలిసో

*

ఊరినుంచి,
జూలై 21.

నా తల్లీ,

ఇది అమిరాన్‌తో పంపడం లేదు. పీచ్ పళ్ళ లారీవాడు తెస్తాడు. ఎందుకో చదువు.

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను. తర్వాత నన్ను నేను తిట్టుకున్నాను. టైరు చూడ్డానికి పోయాడని నీకు హాస్యంగా రాశాను చూడు, ఆ మాటకి. తర్వాత కండువా తలకి చుట్టుకుని జుజునా ఇంటికి పోయాను.

అది బీన్స్ ఒలుస్తోంది. "రా, కూర్చో, వియ్యం లేని వియ్యపురాలా" అంది. నేను కూర్చోలేదు. స్టూలు లాక్కుని ఎక్కి, పటం కిందినుంచి సిలువ తీసుకున్నాను.

"ఏం చేస్తున్నావే?"

"తీసుకుపోతున్నాను. ఎలిసో నిలబడదు."

"పనిలో పడి రాలేకపోతే ఇంకో పండుగకి మార్చుకుందాం."

"ఆ రోజూ రాదు. ఇంకే రోజూ రాదు. వేరేవాళ్ళని చూసుకో జుజునా."

చేతిలో బీన్స్ కిందపడేసింది. "నా మనవరాలిలో ఏం వంక కనిపించింది మక్వాలా?"

"ఏ వంకా లేదు."

"తల్లిని మింగి పుట్టిందనా?"

"ఆ మాట ఇంకెవరైనా అననీ, వాళ్ళ పళ్ళు నేనే రాలగొడతాను."

"మరెందుకు?"

"చెప్పను."

ఎలా చెప్పను తల్లీ? కోడలి కోసం కట్టిన నల్లబట్ట విప్పకముందే కొడుకు గురించి ఆ మాట ఆ తల్లి చెవిన వేస్తే, పోయిన పిల్లకి అవమానం, నీకు చెడ్డపేరు. అమిరాన్ మనసులో ఏముందో కూడా మనకి తెలియదు. చెబితే మూడు ఇళ్ళకి మచ్చ. చెప్పకపోతే నా ఒక్కదానికే. నా ముఖానికి మచ్చలు కొత్త కాదు, ఎండకి ఎన్నో వచ్చాయి.

ఇప్పుడు జుజునా నన్ను చూస్తే తల తిప్పేస్తుంది. రొట్టెల పొయ్యి దగ్గర ఆడవాళ్ళు నేను రాగానే వాతావరణం గురించి మాట్లాడతారు. ఈ ఊళ్ళో వాతావరణం గురించి ఇంతమందికి ఇంత తెలుసని నాకు ఇప్పుడే తెలిసింది. నిన్న కంచె పక్కనుంచి తేక్లా నా ముక్కు కోసం చెయ్యి చాపింది. వాళ్ళ నాయనమ్మ లాక్కుపోయింది. అది ఒక్కటే గుచ్చుకుంది.

నువ్వు దిగులుపడకు. కత్తిరించేటప్పుడు కొమ్మకి రెండు కళ్ళు వదిలి కత్తిరిస్తాం. అవి చిగురు వేస్తాయో లేదో ఆ రోజు ఎవరికీ తెలియదు. వదలడం మటుకే మన పని. నీకు నేను వదిలింది అదే.

అత్త

*

తిబిలిసి,
సెప్టెంబరు 6.

అత్తా,

నువ్వు రాసింది చదివాక చాలా రోజులు కలం పట్టలేకపోయాను. నా కోసం ఊరంతటితో మాటలు పోగొట్టుకున్నావు. క్షమించమని రాస్తే చిన్నమాట అవుతుంది.

మరియమ్మ పండుగనాడు తేక్లాకు జ్ఞానస్నానం అయిందని, లమారా చిన్నాన్న కూతురు నిలబడిందని విన్నాను. దుకాణంలో కొన్న సిలువ వేశారట. తిన్నని చేతులదా?

అమిరాన్ గేటు దగ్గర ఎక్కువసేపు ఆగడం మానేశాడు. ఊరివాళ్ళ పొట్లాలు కాపలా ఉండే సిస్టరుకు ఇచ్చేసి స్టాండుకు వెళ్ళిపోతున్నాడు. మెట్ల మీద కూర్చోవడం లేదు. నేను గాజుపొడి ఆరబెట్టుకుని లోపలికి వస్తున్నాను. తన బిడ్డను అపశకునం అనుకున్నామని అతను అనుకుంటున్నాడు. నీ మౌనం ఊరికి సరిపోయింది. అతనికి మాత్రం అన్యాయం చేస్తోంది.

నా సంగతి నీకు తెలుసు. బడిలో పద్యం అప్పజెప్పమంటే జ్వరం వచ్చేది. నిన్న ఏప్రాన్ విప్పకుండానే బస్సు స్టాండుకు పోయాను. అతను బస్సు పైకెక్కి మూటలు సర్దుతున్నాడు. నన్ను చూసి, "ఉత్తరం ఉంటే సిస్టరుకు ఇవ్వాల్సింది" అన్నాడు.

"ఉత్తరం లేదు. మాట ఉంది."

దిగలేదు. పైనుంచే చూస్తున్నాడు. నేను తల ఎత్తి చెప్పవలసి వచ్చింది. అరిచినట్టే అయింది. "తేక్లాలో ఏ వంకా లేదు. నేను జ్ఞానతల్లినైతే మీ ఇంటికి ఎప్పటికీ ఇంకేమీ కాలేను. అందుకని నిలబడలేదు. మా అత్త ఇది తెలిసే తిట్లు తింటోంది. ఇంతే."

అతను మూట పట్టుకుని అలాగే ఉండిపోయాడు. కిటికీ పక్కన కోడిని ఒళ్ళో పెట్టుకున్న ముసలావిడ అరిచింది. "ఒరే అబ్బాయ్, బండి తీస్తావా, నా కోడి గుడ్డు పెట్టేదాకా ఆగుతావా?"

దిగి వచ్చాడు. చేతులు తుడుచుకున్నాడు. "మే నెలలో మీ అత్త ఆ కబురు చెప్పినప్పుడు టైరు చూడాలని బయటికి పోయాను" అన్నాడు.

"అత్త రాసింది."

"టైరు బాగానే ఉంది" అన్నాడు.

వెళ్ళేముందు, "అక్టోబరు ఇరవై నాలుగుకి లమారా పోయి ఏడాది. అప్పటిదాకా నన్నేమీ అడగకు. నేనూ ఏమీ చెప్పను. కానీ మా అమ్మకు నిజం చెబుతాను. మీ అత్తను అలా ఉంచలేను" అన్నాడు.

ఆవిడ ఏమంటుందోనని భయంగా ఉంది. ఏడాదైనా నిండకుండా కోడలి చోటు మీద కన్నేసినదాన్నని అంటే నువ్వు ఎదురు చెప్పకు.

ఎలిసో

*

ఊరినుంచి,
అక్టోబరు 9.

నా చిట్టితల్లీ,

ద్రాక్షకోత అయింది. రసం జాడీల్లో పొంగుతోంది, ఇల్లంతా ఆ వాసనే. వేళ్ళు నల్లగా ఉన్నాయి, కాగితం మీద మరకలు చూసి తిట్టకు.

ఈసారి కోతకి ఎవరూ రారనుకున్నాను. పొద్దున్నే బుట్టలు వేసుకుని ఒక్కదాన్నే మొదలుపెట్టాను. వరస సగం అయ్యేసరికి అవతలి పక్కనుంచి కత్తెర చప్పుడు. ఆకుల సందులోంచి చూస్తే జుజునా. వీపున తేక్లా. ఎవరి పక్క వాళ్ళం కోసుకుంటూ పోయాం. వరస చివరికి ఇద్దరం ఒకేసారి వచ్చాం.

"గాడిదా" అంది.

"ఎవరు?"

"ఇక్కడ ఇంకెవరున్నారు? మూడు నెలలు నాచేత ముఖం తిప్పించావు. నా మెడ పట్టేసింది. ఒక్కమాట చెబితే ఏం పోయేది?"

"నీ నల్లబట్ట చూసి చెప్పలేకపోయాను జుజునా."

బుట్ట బోర్లించి కూర్చుంది. పిల్లని విప్పి నా ఒళ్ళో పడేసింది. ముక్కు సంగతి నీకు వేరే చెప్పక్కర్లేదు. తర్వాత జుజునా అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను, ఒక్క అక్షరం కలపను, తియ్యను.

"లమారా నాకు కోడలు కాదు మక్వాలా, కూతురు. నీ పిల్ల మంచిదే. కానీ మంచిదైతే చాలదు. ఏడాది కర్మకి దాన్ని రమ్మను. భోజనాల దగ్గర అతిథిలా కూర్చోవడానికి కాదు. నాతోపాటు సమాధి దగ్గరికి వచ్చి, ఊరందరి ముందు లమారా మీద, పోయినవాళ్ళకి పోసే మొదటి వైన్ తన చేత్తో పొయ్యాలి. ఊరు ఏమనుకున్నా తల వంచకుండా అక్కడ నిలబడగలిగితే, మిగతాది మా వాడూ అదీ చూసుకుంటారు. నిలబడలేకపోతే నాకు కోపం లేదు. ఇంక ఈ మాట ఎత్తొద్దు."

నేను నీ తరఫున ఏమీ ఒప్పుకోలేదు తల్లీ. ఒకసారి నిన్నడక్కుండా మాటిచ్చి చాలు. నువ్వే ఆలోచించుకో. సమాధి దగ్గర లమారా తల్లి కూడా ఉంటుంది. అది చిన్న విషయం కాదు.

ఏ జవాబైనా రాయి. రాసింది చదువుకుని ఊరుకుంటాను.

అత్త

*

తిబిలిసి,
అక్టోబరు 15.

అత్తా,

సిదోనియా అమ్మగారి దగ్గర సెలవు తీసుకున్నాను. ఇరవై మూడో తారీఖు మధ్యాహ్నం బస్సుకు వస్తాను. బూడిదరంగు గౌనే వేసుకుంటాను, ఆ రోజుకు అదే తగినది.

భయం పోలేదు. లమారా తల్లి ముఖం ఎలా చూడాలో తెలియడం లేదు. అయినా వస్తాను.

ఒక్క సాయం చెయ్యి. లమారాకు తియ్యటి వైన్ ఇష్టమా, వగరుదా? అమిరాన్‌ను అడగలేను. జుజునమ్మను అడిగి, అదే జాడీలోంచి తీసి ఉంచు.

ఎలిసో